తీగలేని ఫోను, పేరులేని చీటీ

టిరిరిక్... టిరిరిక్... టిరిరిక్...

ముందుగా వినిపించింది ఆ చప్పుడే. సోమవారం పొద్దున్న, ముసురు పట్టిన ఆకాశం కింద, పెంకుటింటి వరండాలో వరసగా కూర్చుని లేసు అల్లుకుంటున్న పద్దెనిమిది మందీ ఒక్కసారి తలలెత్తారు. కాలవ గట్టు మీద లకుముకి పిట్ట కూసిందనుకున్నారు కొందరు. అందరిలోకీ పెద్దదైన పాపాయిమామ్మ మాత్రం సూది ఆపకుండానే, "వానకి కప్ప కూసిందే" అని తేల్చేసింది.

"కప్పా కాదు, పిట్టా కాదు మామ్మా! మన ఫోను!" అంటూ నేను లోపలికి పరుగెత్తాను.

అప్పటికే మా లేసు ఆఫీసు నడిపే అక్కగారు ఫోను మీది లేసు ముసుగు తొలగించి రిసీవరు ఎత్తారు. "హలో" అన్నారు. అవతల నుంచి గరగరమనే శబ్దం, దాని అడుగున మునిగిపోతున్న మనిషి గొంతు. రెండు క్షణాల్లో అదీ పోయింది. ఆవిడ రిసీవరు పెట్టేసి, ముసుగు మళ్ళీ కప్పారు.

ఆ ఫోను కోసం మేము ఎదురుచూసిన తీరు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా ఊరు నరసాపురానికి దగ్గరే. కానీ టెలిఫోను తీగ కాలవ అవతలే ఆగిపోయింది. అక్కడున్న రెండు కనెక్షన్లూ ముసురు పడితే చాలు మూగబోతాయి. అందుకని రెండు వేల నాలుగు దాకా మా ఆఫీసుకు ఉన్నదల్లా ఒక పి.పి. నంబరు. అది కాలవ అవతల భీమరాజుగారి ఎరువుల కొట్టు ఫోను. మాకు పిలుపు వస్తే ఆయన గట్టు మీద నిలబడి కేక వేసేవారు. మేము వంతెన దాటి వెళ్ళేసరికి అవతలి మనిషికి ఓపిక తీరిపోయేది.

ఆఫీసంటే ఒక గది, ఒక బల్ల, ఒక ఇనుప బీరువా, దారపు ఉండలున్న రెండు చెక్కపెట్టెలు. గుమ్మం మీద బోర్డు: సత్తిరాజు లేస్ వర్క్స్. ఆ పేరు వెనక ఒక కథ ఉంది. సత్తిరాజుగారు అక్కగారి భర్త. రేవులో పంటు నడుపుతారు. గోదావరికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మనుషుల్నీ మోటారు సైకిళ్ళనూ దాటిస్తారు. లేసు గురించి ఆయనకు తెలిసింది తక్కువ. సంస్థను నమోదు చేసుకునే రోజున అక్కగారికి తోడుగా వెళ్ళారంతే. గుమాస్తా "పేరు?" అన్నాడట. కొత్త మనిషితో మాట్లాడటానికి బిడియపడి అక్కగారు భర్త వైపు చూశారు. తన పేరే అడుగుతున్నారనుకుని ఆయన వినయంగా "సత్తిరాజండి" అన్నారు. గుమాస్తా సంస్థ పేరు గడిలో అదే రాసేశాడు.

ఇంటర్ పాసై చేరిన నాకు ఆవిడ అప్పగించిన పని చీటీలు రాయడం. అల్లిక పూర్తయిన ప్రతి ముక్కకూ ఒక చిన్న గుడ్డచీటీ కుడతాం. దాని మీద అల్లినవాళ్ళ పేరు ఉంటుంది. ఆ నియమం అక్కగారే పెట్టారు. పట్నం కంపెనీ మా లేసు కొని, చీటీలు కత్తిరించి, తన ముద్ర కుట్టుకునేదని తెలిసినా ఆవిడ మానలేదు. "వాళ్ళు కత్తిరిస్తే కత్తిరించనీవే. మనింట్లోంచి మాత్రం పేరుతోనే వెళ్ళాలి" అనేవారు. ఆవిడ అల్లినవాటికి మాత్రం చీటీ ఖాళీగా ఉండేది. నేను కలం తీస్తే, "నాకెందుకులే హారతీ" అని చేత్తో తోసేసేవారు. వరండాలో అందరినీ ఆవిడ నిండుపేరుతో పిలిచేవారు. ఆవిడను పేరుతో పిలిచేవాళ్ళు లేరు. మాకు అక్కగారు. ఊరికి సత్తిరాజుగారి ఇంటావిడ. సత్తిరాజుగారికి "ఇదిగో".

ఆ వేసవిలో హైదరాబాదులో జరిగిన చేతిపనుల ఎగ్జిబిషన్లో మేము పెట్టిన లేసును వెంకటేష్ అనే ఆయన చూశారు. చెన్నైలో ఉంటున్న తెలుగాయన. లేసును పైదేశాలకు పంపే వ్యాపారం. ఆయన రాసిన ఉత్తరాన్ని నేను వరండాలో పైకి చదివాను. సరుకు మా దగ్గరే కొంటారట. చీటీలతో సహా, మా పేర్లతో సహా పంపుతారట. కానీ మాట్లాడుకోవడానికి ఆఫీసుకు సొంత ఫోను ఉండాలి. ఎరువుల కొట్టు వాళ్ళతో ఆయన మాట్లాడలేరు. ఫలానా సోమవారం నుంచి గురువారం దాకా పదకొండు గంటలకు పిలుస్తారు. దొరక్కపోతే ఎప్పటిలాగే పట్నం కంపెనీ ద్వారా తెప్పించుకుంటారు.

అక్కగారు ఉత్తరాన్ని నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ తనే చదువుకున్నారు. "మన పేర్లతోనే" అని ఒక్కమాట అన్నారు. మర్నాడే ఇద్దరం నరసాపురం వెళ్ళాం.

అచ్చిబాబు ఫోన్ల కొట్టులో మొదట మాకు చూపించింది చేతిలో ఇమిడే అందమైన తెల్ల ఫోను. "కార్డ్‌లెస్ అండి అక్కగారూ. తీగే ఉండదు. పెరట్లోకి పట్టుకెళ్ళి మాట్లాడుకోవచ్చు."

అక్కగారు దాన్ని పక్కన పెట్టి, అది కూర్చునే పీటను తిరగేశారు. వెనక సన్నటి కంత కనిపించింది. "మరి ఇందులోకి ఏం దూరుతుందయ్యా?"

"అది... లైనండి. గోడలోంచి వచ్చే టెలిఫోను వైరు."

"తీగ ఉంటే నీ దగ్గరకి ఎందుకొస్తాం నాయనా! చేతికి తీగ లేకపోతే చాలదు, గోడకీ ఉండకూడదు."

అచ్చిబాబు నాలిక కరుచుకుని లోపలి నుంచి ఇంకో రెండు పెట్టెలు తెచ్చాడు. రెండూ బల్ల మీద ఉండే పెద్ద ఫోన్లే, రెండూ గాలిలోంచి టవరు నుంచే మాట అందుకునేవే. ఒకటి సన్నగా, నల్లగా నిగనిగలాడుతోంది. మరొకటి బొద్దుగా, బూడిదరంగులో, పెద్ద పెద్ద మీటలతో, వెనక జానెడు యాంటెన్నాతో ఉంది. అక్కగారు దారం కొనేటప్పుడు పోగును రెండు వేళ్ళ మధ్య నలిపి, వెలుగుకు పట్టి, తెంపి చూసి గానీ కొనరు. ఫోన్లనూ అలాగే చూశారు.

"కరెంటు పోతే?"

"నల్లది ఆగిపోద్దండి. దీన్లో బ్యాటరీ ఉంది, నాలుగ్గంటలు పలుకుద్ది."

"ఈ కొమ్ము ఊడుతుందా?"

"ఊడుతుందండి. సిగ్నలు చాలకపోతే పొడుగు వైరున్నది పెట్టుకోవచ్చు. నల్లదానికి లోపలే ఉంటాది, మార్చలేం."

"సరే, మోగించు."

అచ్చిబాబు తన ఫోను నుంచి రెండూ మోగించాడు. అక్కగారు రోడ్డు దాటి, బస్సుల రొదలో నిలబడి విన్నారు. తిరిగొచ్చి బొద్దుదాని మీద చెయ్యి వేశారు. "ఇది మా వరండా దాకా వినిపిస్తుంది. ఇదే ఇవ్వు."

"నల్లది చూడ్డానికి బాగుంటాదండి, ఆఫీసుకి..."

"చూడ్డానికి మా దగ్గర లేసుంది నాయనా. దీన్ని వినడానికి కొంటున్నాం."

అలా ఇంటికొచ్చిన ఫోనుకు వరండా అంతా పండగ చేసింది. నంబరు రాసి ఆ రోజే వెంకటేష్‌గారికి ఉత్తరం వేశాను. బల్ల మీద బీరువా పక్కన దాన్ని కూర్చోబెట్టాం. పాపాయిమామ్మ ఒక్క పూటలో దానికి ముసుగు అల్లింది. యాంటెన్నాకు విడిగా తొడుగు, దాని కొసన చిన్న కుచ్చు. అందుకే సోమవారం మొదటి పిలుపు గరగరల్లో మునిగిపోయేసరికి అందరి ముఖాలూ వాడిపోయాయి.

కబురు పంపితే అచ్చిబాబు మోపెడ్ మీద తడుస్తూ వచ్చాడు. లోపలికి అడుగుపెట్టగానే నవ్వాడు. "ఇంకేం అక్కగారూ! ఇంత గుడ్డ కప్పి ఊపిరాడకుండా చేస్తే సిగ్నలు ఎక్కడి నుంచి వస్తాదండి?"

వరండాలో సూదులు ఆగాయి. పాపాయిమామ్మ కళ్ళు చింతనిప్పులయ్యాయి. అక్కగారు తొందరపడలేదు. ముసుగు తీసి, తెరలో గీతలు చూడమన్నారు. ఒక్క గీత. ముసుగు వేసి చూడమన్నారు. ఒక్క గీతే. తీశారు, వేశారు, మళ్ళీ తీశారు. గీత పెరగలేదు, తగ్గలేదు.

"మా లేసులో దారం కంటే గాలే ఎక్కువ అచ్చిబాబూ. అది దేన్నీ ఆపదు. ఇంకోటి చూడు."

అప్పటికి నేను పెట్టెలోని ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని సగం దాకా చదివి ఉన్నాను. ఇనుముకు దూరంగా, కిటికీకి దగ్గరగా ఉంచాలన్న వాక్యాన్ని బిడియంగా పైకి చదివాను. అక్కగారు ఒకసారి బీరువాను చూశారు, ఒకసారి రేవు వైపు కిటికీని చూశారు. టవరు ఉన్నది ఆ దిక్కునే. నలుగురం కలిసి బల్లను కిటికీ కిందకు జరిపాం. వంగి ఉన్న యాంటెన్నాను నిటారుగా నిలబెట్టాం. తెర మీద రెండో గీత వెలిగింది, మూడోది వెలిగింది, నాలుగోదీ వెలిగింది. లెక్క వరండా దాకా వినబడేలా చెప్పాను. ముసుగును మళ్ళీ కప్పింది పాపాయిమామ్మే. ఆ కప్పడం అచ్చిబాబు చూసేదాకా ఆగి మరీ కప్పింది.

మంగళవారం పదకొండుకు ఫోను మోగింది. అక్కగారు మాట్లాడారు. పెట్టేశారు. "ఏంటోనే, బాగానే వినిపించింది, కట్టయిపోయింది" అన్నారు. బుధవారమూ అంతే. ఫోనులో చూస్తే రెండూ చెన్నై పిలుపులే. ఒకటి తొమ్మిది సెకన్లు, ఒకటి పదకొండు సెకన్లు. గీతలు నాలుగూ నిలిచే ఉన్నాయి. సిమ్ తీసి పొడిగుడ్డతో తుడిచాను. ప్లగ్గు మార్చాను. పుస్తకం చివరి పేజీ దాకా చదివాను. తొమ్మిది సెకన్ల తర్వాత మాట ఎందుకు తెగుతుందో అందులో ఎక్కడా లేదు. తిరిగి పిలుద్దామంటే మా ఫోనుకు దూరపు ఊళ్ళకు చేసుకునే ఎస్.టి.డి. ఇంకా ఇవ్వలేదు. మిగిలింది గురువారం ఒక్కటే. గొడుగేసుకుని రేవులోని బూత్‌కు వెళ్ళాను.

చెన్నై ఆఫీసులో ఒకావిడ ఎత్తింది. వెంకటేష్‌గారు బయటికి వెళ్ళారట. "ఆ నంబరు రాంగ్ నంబరమ్మా. రెండు రోజులు చేశారు సారు. వేరేవాళ్ళది అన్నారంట" అంది.

"వేరేవాళ్ళది కాదండి, మాదేనండి! రేపొక్కసారి చెయ్యమనండి, దండం పెడతాను" అని బతిమాలాను. చెబుతానంది.

అప్పుడే పంటు ఒడ్డుకు చేరింది. దిగొచ్చిన సత్తిరాజుగారు నా ముఖం చూసి ఆగారు. అక్కగారి భర్త కనక మాకందరికీ బావగారు. జరిగింది చెప్పాను.

"అయితే లోపం ఫోన్లో ఉందో మనిషిలో ఉందో ఇప్పుడే తేల్చేద్దాం హారతమ్మా. ఇలా తే" అంటూ రిసీవరు అందుకున్నారు. మా ఆఫీసు నంబరు నొక్కి, నాకూ వినబడేలా చెవికి ఎడంగా పట్టుకున్నారు. గొంతు మార్చి, చెన్నై పెద్దమనిషిలా దగ్గారు.

"హలో, సత్తిరాజు లేస్ వర్క్సేనాండి?"

"ఆఁ... వారిదేనండి" అంది అక్కగారి గొంతు.

"ఎవరిదండి?"

"వారిదండి."

"వారంటే ఎవరండి?"

"అదేనండి... ఇప్పుడు మీరు చెప్పారు కదండీ, వారు."

"అయితే మీది కాదాండి?"

"మాదేనండి. అంటే... వారిదండి."

బావగారు రిసీవరును అరచేత్తో మూసి, గోడకానుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. నేనూ నవ్వాను. బూత్ ఆయనా నవ్వాడు. తర్వాత బావగారి నవ్వు మెల్లగా ఆగింది.

"ఇరవై రెండేళ్ళుగా ఇంట్లో వింటున్నానమ్మా, వారు, వారు అని. ముచ్చటగానే ఉండేది. ఫోన్లో వింటే నేనెవరో పరాయివాణ్ణనిపిస్తోంది."

సాయంత్రం మేము చెప్పింది విని అక్కగారు చేతిలోని అల్లిక పక్కన పెట్టేశారు. పేరు చెప్పకపోతే ఆఫీసు తమదని అవతలివాళ్ళకు తెలియదు. చెబుదామంటే అది మొగుడి పేరు.

"ఆ పేరు ఎత్తితే ఆయుష్షు తగ్గుద్దమ్మా, తెలీదా?" అంది పాపాయిమామ్మ.

"రేవులో రోజూ ఆరొందల మంది, పంటు ఆపవయ్యా సత్తిరాజూ అని అరుస్తారు మామ్మా. నాకేం తగ్గింది?" అన్నారు బావగారు.

"వాళ్ళు నీ పెళ్ళాలా?"

వరండా అంతా ఘొల్లుమంది. అక్కగారు కూడా నవ్వారు గానీ, ఆ నవ్వు పెదవి దగ్గరే ఆగిపోయింది. "నాలిక దాకా వస్తుంది మామ్మా. ఆ తర్వాత రాదు" అన్నారు.

"పోనీ ఫోను నేనెత్తుతానండి" అన్నాను.

"ఎత్తి? నెలకి ఎన్ని ముక్కలవుతాయి, పువ్వు ఎవరు అల్లుతారు, అంచు ఎవరు అల్లుతారు, ఏ నంబరు దారం, ఉతికితే ఎంత ముడుచుకుంటుంది? అడిగితే చెప్పగలవా?"

"చెప్పలేనండి."

"మరి నేనే చెప్పాలి కదే" అన్నారావిడ, నాతో కంటే తనతోనే ఎక్కువగా.

గురువారం నేను పెందలాడే వెళ్ళాను. ఆఫీసు గదిలోంచి సన్నటి గొణుగుడు వినిపించింది. అక్కగారు ఫోనును గుడ్డతో తుడుస్తూ, వల్లె వేస్తున్నారు. "సత్తెమ్మ... సత్యవతి... సత్తిపండు..." రేవు దాకా వచ్చి ఒడ్డు అందని పంటులా ఆ పేరు చుట్టూ తిరుగుతున్నారు. చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను.

పదిన్నరకు ఈదురుగాలితో వాన అందుకుంది. కరెంటు పోయింది. ఫోను మీద చిన్న ఆకుపచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. రోడ్డు దాటి వెళ్ళి విని మరీ ఎంచుకున్న ఫోను అది. దాన్ని చూస్తే నాకు గర్వంగా అనిపించింది. గాలికి పంటు ఆపేశారేమో, బావగారు తడిసి గుమ్మంలోకి వచ్చారు.

అక్కగారు తల తిప్పకుండా, "మీరు కాస్త అవతలికి వెళ్తారాండి?" అన్నారు.

ఆయన బుద్ధిగా వరండా చివరికి వెళ్ళి నిలబడ్డారు. ఆ ఇంట్లో అది ఏమంత దూరం కాదు.

టిరిరిక్... టిరిరిక్...

అక్కగారు ముసుగు తీసి మడత పెట్టారు. అవతలి మాట వింటూ నేను రాసుకోవాలి కనక స్పీకరు మీట నొక్కమన్నారు. నొక్కాను. వాన హోరులో చెన్నై గొంతు స్పష్టంగా పలికింది.

"హలో. ఎవరండి మాట్లాడేది?"

ఆవిడ బల్ల అంచును పట్టుకున్నారు. పద్దెనిమిది సూదులు ఆగాయి.

"సత్తిరాజు లేస్ వర్క్స్" అన్నారు అక్కగారు. ఆ పేరు తడబడలేదు, తగ్గలేదు. గది దాటి, గడప దాటి, వరండా చివరి దాకా వినిపించింది. "సత్తిరాజు లేస్ వర్క్సేనండి. చెప్పండి."

పాపాయిమామ్మ చెవులు మూసుకోబోయి మానేసింది. బావగారు వానలోకి ముఖం తిప్పుకున్నారు.

ఆ తర్వాత ఆవిడ గొంతు వెతుక్కోలేదు. దారం నంబరు చెప్పారు. నెలకు ఎన్ని ముక్కలు ఇవ్వగలరో చెప్పారు. వెంకటేష్‌గారు ఇంకా ఎక్కువ కావాలంటే, "తొందరపెడితే అంచు వదులవుతుందండి, అలాంటిది మా గుమ్మం దాటదు" అన్నారు. అవతల నుంచి, "మీరు చెప్పినట్టే కానివ్వండి. చీటీలు మాత్రం ఉంచాలి" అన్న మాట. నేను రాసుకుంటున్నానే గానీ అక్షరాలు సరిగా కనిపించడం లేదు.

"ఇంకొక్క మాటండి. ఎగ్జిబిషన్లో నేను మొదట చూసిన ముక్క, తామరపువ్వుది, నా బల్ల మీదే ఉంది. మీ సరుకు కావాలనుకున్నది దాన్ని చూసే. మిగతావాటికన్నిటికీ పేర్లున్నాయి, దీని చీటీ ఖాళీగా ఉంది. ఎవరండి అల్లింది?"

నేను తలెత్తాను. ఆ పేరు నాకు తెలుసు. ఎన్నోసార్లు రాయబోయి ఆపేసిన పేరు. చెప్పడానికి నోరు తెరిచాను. అక్కగారు చెయ్యెత్తి నన్ను ఆపారు. మైకు దగ్గరకు కొంచెం వంగారు.

"రాసుకోండి" అన్నారు. "మాణిక్యాంబ."